నీళ్లలో పాము, గట్టు మీద పాము

పెరట్లో గుంత తవ్వి, చుట్టూ తాండూరు బండలు పరిచి, నీళ్లు నింపి నాలుగు తామర దుంపలు నాటితే చాలు, మొదటి వానాకాలానికే కప్పలు చేరతాయి. వాటిని ఎవరూ తెచ్చి వెయ్యనక్కర్లేదు. అవి గుడ్లు పెట్టి, తోకకప్పలు ఈదడం మొదలైన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం నీళ్ల మీద సన్నటి తల ఒకటి కనిపిస్తుంది. ఇంట్లో కేకలు లేస్తాయి. కర్ర కోసం ఒకరు, ఫోను కోసం ఒకరు పరుగెత్తుతారు. అనంతగిరి గుట్టల కింది ఊళ్లలోనూ, కాగ్నా నది ఒడ్డున తాండూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ, హైదరాబాదు నుంచి వచ్చి వికారాబాదు దారిలో తోట ఇళ్లు కట్టుకున్నవాళ్ల దగ్గరా ఇదే వరస. ముందు ఆ తల ఎవరిదో తెలుసుకుందాం.

చాలావరకు అది నీరుకట్టె. శాస్త్రజ్ఞులు దీన్ని ఫౌలియా పిస్కేటర్ అంటారు. ఒంటి మీద చదరంగం గళ్లలా నల్లటి మచ్చలు, కంటి కింద ఒకటి, కంటి వెనక ఒకటి ఏటవాలుగా దిగే రెండు నల్లటి గీతలు దీని గుర్తులు. ఒంటి పచ్చదనం, గోధుమరంగు పాముపాముకూ మారతాయి గానీ ఆ రెండు గీతలు మాత్రం సాధారణంగా ఉంటాయి. కనుపాప గుండ్రం. నాసికా రంధ్రాలు కాస్త పైకి తిరిగి ఉంటాయి కాబట్టి ఒళ్లంతా నీళ్లలో దాచి ముక్కు కొస మాత్రం బయటపెట్టి గంటలకొద్దీ ఉండగలదు. చేపలు, కప్పలు దీని ఆహారం. పిల్లలు తోకకప్పల మీద బతుకుతాయి. ఒక్కో ఈతకు నలభై, యాభై గుడ్లు కూడా పెడుతుంది. కాబట్టి ఒక చెరువు దగ్గర నీరుకట్టెలు ఎక్కువగా కనిపించడంలో వింతేమీ లేదు.

మనిషికి హాని చేసే విషం దీనికి లేదు. కానీ కోపం ఎక్కువ. పట్టుకుంటే, తొక్కితే వెనకాడకుండా కరుస్తుంది, పళ్లు గీరుకుని రక్తం బాగానే కారుతుంది. తప్పించుకునే దారి లేకపోతే తల పైకెత్తి మెడను బల్లపరుపుగా చేస్తుంది. దాని ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. చూసినవాళ్లకు అది పడగలా కనిపిస్తుంది, నాగుపామే అనుకుని కొట్టేస్తారు. నాగుపాము పడగ వెడల్పైనది. పక్కటెముకలు విచ్చుకుని చర్మం సాగడం వల్ల వస్తుంది. మన ప్రాంతపు నాగుల్లో చాలావాటికి దాని వెనక కళ్లజోడు గుర్తు ఉంటుంది. నీరుకట్టె మెడ చదునవుతుందే తప్ప అంత విచ్చుకోదు, ఆ గుర్తూ ఉండదు. భయంలో ఈ తేడా చూడగలిగేవాళ్లు తక్కువ. అందుకే ఈ సంగతి పాము రాకముందే, పిల్లలకు బొమ్మలు చూపించి చెప్పాలి.

ఏ పాముకు విషముంది, ఏ పాముకు లేదు అన్న ప్రశ్నను మన తెలుగు నేల మీద పద్ధతిగా అడిగినవాడు పాట్రిక్ రస్సెల్. ఎడిన్‌బరోలో పుట్టిన ఈ వైద్యుడు 1780లలో విశాఖపట్నం చేరి, తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన రాసిన గ్రంథం 1796లో అచ్చయింది. అందులో పాములకు ఆయన వాడిన పేర్లు చాలావరకు ఇక్కడి జనం నోట విన్న తెలుగు పేర్లే. పాములను తెప్పించి, పళ్లు పరీక్షించి, కోళ్ల మీద, కుక్కల మీద కాట్లు వేయించి, ఏది చంపుతుంది, ఏది చంపదు అని రాసుకున్నాడు. ఆ పద్ధతిని ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. కానీ పాములన్నీ ప్రాణం తీసేవి కావని, ఎక్కువ భాగం హాని లేనివేనని ఊహతో కాకుండా పరీక్షతో చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి. మన రక్తపింజరికి డబోయా రస్సెలీ అనే శాస్త్రీయ నామం వచ్చింది ఆయన మీదుగానే. రెండు శతాబ్దాలు దాటినా మన పెరళ్లలో ఇంకా నీరుకట్టెలు నాగుపాముల పేరు మీద చస్తున్నాయంటే, ఆ జ్ఞానం ఇల్లు చేరనట్టే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నీళ్లలో కనిపించింది కాబట్టి విషం లేనిదే అని తేల్చెయ్యకూడదు. పాములన్నీ ఈదగలవు. నాగుపాము చెరువు దాటుతుంది, కట్లపాము నీటి ఒడ్డున వేటాడుతుంది, వరద నీటిలో రక్తపింజరీ కొట్టుకొస్తుంది. నీళ్లలో ఉండటం చూసి కాదు, ఒంటి గుర్తులు చూసి చెప్పాలి. గుర్తులు కనిపించనంత చీకటిగా, దూరంగా ఉంటే అది విషపుదే అనుకుని జాగ్రత్తపడాలి.

కొలను దగ్గర అసలు ప్రమాదం నీళ్లలో లేదు, గట్టు మీద ఉంది. నీళ్లు కప్పలను రప్పిస్తాయి. కప్పలు నీరుకట్టెను, నాగుపామును రప్పిస్తాయి. నాగుపాము కప్పలతో పాటు ఎలుకలను, ఇతర పాములను కూడా తింటుంది. కట్లపాముకైతే ఇతర పాములే ఇష్టమైన తిండి. కోళ్లకు వేసిన గింజలు, రాత్రి పారేసిన అన్నం కొలను పక్కనే ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజరి వస్తాయి. అంటే నీరుకట్టె తనకై తాను ప్రమాదం కాదు. అది కనిపించిందంటే మన పెరట్లో తిండి, నీడ, నీళ్లు మూడూ ఒకచోట దొరుకుతున్నాయని అర్థం. నీరుకట్టెను చంపేస్తే ఆ మూడూ అక్కడే ఉంటాయి, ఆ స్థలంలోకి ఇంకోటి వస్తుంది.

తిండి, నీళ్ల సంగతి ఏ ఊళ్లోనైనా ఒకటే. నీడ విషయంలో మాత్రం వికారాబాదు, తాండూరు ప్రత్యేకం. వికారాబాదు వైపు గుట్టల మీద ఎర్రటి చిట్రాయి నేల. తాండూరు వైపు దిగితే నల్లరేగడి, దాని కింద పొరలు పొరలుగా పరుచుకున్న సున్నపురాయి. కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగున పేరుకున్న మట్టి అది. అడ్డంగా, చదునుగా, పలుచటి పొరలుగా పేరుకోవడం వల్లే గనుల్లో కూలీలు దాన్ని బండలు బండలుగా విడదీసి లేపగలుగుతున్నారు. నీలిరంగు, పసుపురంగు తాండూరు బండలు దేశమంతా ఇళ్ల నేలల మీదికి చేరుతున్నాయి. ఇక్కడి ఊళ్లలో అవి నేలకే పరిమితం కాలేదు. పొలం చుట్టూ నిలువుగా పాతితే ప్రహరీ, బావి చుట్టూ పేరిస్తే ఒర, కాల్వ మీద కప్పితే మూత. పాలిష్ యూనిట్ల దగ్గర మిగిలిన ముక్కలు చవగ్గా దొరుకుతాయి. ఇల్లు కట్టాక మిగిలిన బండలు పెరటి మూల దొంతిగా ఏళ్లకేళ్లు పడి ఉంటాయి.

పాముకు అంతకన్నా మంచి ఇల్లు లేదు. పాము ఒంట్లో మనకులా వేడి పుట్టదు. దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న నేల నుంచి, రాయి నుంచి రావాలి. తిన్నది అరగాలన్నా, వేగంగా కదలాలన్నా ఒళ్లు తగినంత వెచ్చగా ఉండాలి. మరీ వేడెక్కితే చనిపోతుంది. బండల దొంతి ఈ రెండు అవసరాలనూ తీరుస్తుంది. పైబండ పగలంతా ఎండను పట్టి పొద్దుగూకాక చాలాసేపు వెచ్చగా ఉంటుంది. లోపలి సందులు ఏప్రిల్, మే ఎండల్లోనూ చల్లగా, కాస్త తేమగా ఉంటాయి. రెండు బండల మధ్య రెండు వేళ్ల ఎడం ఉంటే నీరుకట్టె, కట్లపాము, చిన్నపింజరి సుళువుగా దూరతాయి. అందులో చిన్నపింజరి ప్రత్యేకంగా ఎండు నేలలను, రాతి నేలలను కోరుకునే పాము. జానెడు, రెండు జానల పొడవే ఉంటుంది. ఒంటిని చుట్లుగా మడిచి పొలుసులను ఒకదానికొకటి రాసి బుసలాంటి గరగర శబ్దం చేస్తుంది. బండ ఎత్తేటప్పుడు చేతి మీద కాటు పడేది ఇలాంటి పాము వల్లే. మిగిలిన బండను ఎత్తే ముందు గడ్డపారతో ఒక అంచు లేపి, కాసేపు ఆగి, అప్పుడు చెయ్యి పెట్టడం ఇక్కడ ప్రతి ఒక్కరికీ అలవాటు కావాలి.

బండల తర్వాత కంది కట్టెలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పప్పు రుచి గురించి చెప్పనక్కర్లేదు. కంది కోసి నూర్చాక మిగిలిన కట్టెలు పొయ్యిలోకి, పొరకలకు, దడి కట్టడానికి పనికొస్తాయి. కాబట్టి ఇంటి వెనకే వామిగా వేస్తారు. రాలిన గింజలకు ఎలుకలు, ఎలుకలకు పాములు. ఆ వామి కొలనుకు నాలుగు అడుగుల దూరంలో ఉంటే పాముకు నడక కూడా తప్పుతుంది. ఇది కట్టెలు వద్దని చెప్పడం కాదు. వామిని ఇంటికి, నీళ్లకు దూరంగా, నేల మీద కాకుండా నాలుగు రాళ్ల మీద వాసాలు పరిచి అడుగున గాలీ వెలుతురూ ఆడేలా వేస్తే చాలు. అడుగు కనిపించే చోట పాము నిలవదు.

కొలను చుట్టూ ఏం చెయ్యాలో ఇప్పుడు సులువుగానే తెలుస్తుంది. గట్టు నుంచి కనీసం రెండడుగుల మేర గడ్డి పెరగనివ్వకండి. బండల కీళ్లను సిమెంటుతో నింపండి, ఏటా వేసవిలో ఒకసారి చూసి పగుళ్లు పూడ్చండి. మోటారు పెట్టే గుంతకు, వాల్వు తొట్టికి బిగుతైన మూత ఉండాలి. చాలామంది చెయ్యి పెట్టేది చీకట్లో, తడి చేత్తో, చూడకుండా ఆ తొట్టిలోకే. నీళ్లు పొంగి బయటికిపోయే గొట్టానికి సన్నటి ఇనుప జాలీ బిగించండి. కొలను నుంచి ఇంటి తలుపు దాకా ఒక దీపం వెలగాలి. రాత్రి అటు వెళ్లేటప్పుడు చేతిలో టార్చి, కాళ్లకు బూట్లు ఉండాలి. గోడలు నునుపుగా, నిట్టనిలువుగా కట్టినవాళ్లు ఒక మూల గరుకు బండను ఏటవాలుగా దించండి. లోపల పడిన పాము, ఉడుత, కప్ప బయటికి రాలేక చచ్చి నీళ్లు పాడవకుండా ఉంటాయి. పైగా చిక్కుకున్న పాముకే బెదురు ఎక్కువ.

చేపలు పోతాయని కొలను మీద నైలాన్ వల కప్పేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పాము వల కన్నులోకి తల దూర్చాక పొలుసులు వెనక్కి రానివ్వవు, ముందుకు తోసుకునేకొద్దీ దారాలు ఒంట్లోకి కోసుకుపోతాయి. అలా గంటలకొద్దీ గిలగిలలాడి చనిపోతుంది. దాన్ని విడిపించబోయిన మనిషి కాటు తింటాడు. చేపలను కాపాడుకోవాలంటే నీళ్లలో దాక్కునే చోటు ఇవ్వండి. తామరాకుల కింద, అడుగున పడుకోబెట్టిన మట్టి గొట్టాల్లో చేప తప్పించుకుంటుంది. నీరుకట్టె రోజూ తినదు. ఒక మంచి భోజనం దొరికితే కొన్ని రోజులు కదలకుండా అరిగించుకుంటుంది. ఒంటి వేడి కోసం తిండిని ఖర్చుపెట్టనక్కర్లేని జంతువుకు మన పిల్లికో కొంగకో కావలసినంత ఆహారం అవసరం లేదు. అది కొలనును ఖాళీ చెయ్యదు.

చెయ్యకూడనివాటిలో ఇంకొన్ని. ఫినాయిల్, కార్బాలిక్ ఆమ్లం, గంధకం, నాఫ్తలీన్ గోళీలు, వెల్లుల్లి నీళ్లు చల్లితే పాములు రావని దుకాణాల్లో చెబుతారు. అవి పామును ఆపవు. కార్బాలిక్ ఆమ్లం మాత్రం చర్మాన్ని కాలుస్తుంది, కొలనులో పడితే చేపలను, కప్పలను చంపుతుంది. తెలంగాణలో శ్రావణంలో నాగపంచమికి, కొందరిళ్లలో కార్తీకంలో నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తారు. ఆ మొక్కులో ఉన్న గౌరవం మంచిదే. కానీ పాము పాలు తాగే జంతువు కాదు, పుట్ట కట్టింది కూడా అది కాదు, చెదపురుగులు. పసుపు, కుంకుమ, పూలతో దండం పెట్టుకుని పాలు పిల్లలకు ఇస్తే నాగదేవతకు వచ్చే లోటేమీ ఉండదని నా నమ్మకం. జెర్రిపోతు నాగుపాముకు మగడన్న మాట కూడా ఇక్కడ గట్టిగా వినిపిస్తుంది. రెండూ వేర్వేరు కుటుంబాల పాములు, వాటికి జత కుదరదు. రెండు పాములు మెలివేసుకుని నిలువుగా లేవడం చూసి పెనవేసుకున్నాయంటారు. చాలాసార్లు అవి రెండు మగ జెర్రిపోతులు, ఆడదాని కోసం బలం తేల్చుకుంటున్నాయి. ఏడాదికి ఎన్నో ఎలుకలను తినే జెర్రిపోతును కంది రైతు చంపుకోవడమంత నష్టం ఇంకోటి లేదు.

పెరట్లో కనిపించిన పామును ఏం చెయ్యాలి? అది నీరుకట్టె అని గుర్తుపడితే, ఏమీ చెయ్యనక్కర్లేదు. విషపాము అయినా, ఏదో తెలియకపోయినా, పిల్లలను, కుక్కను లోపలికి పంపి, దూరం నుంచి దాని మీద కన్నేసి ఉంచండి. అటవీశాఖకు గానీ శిక్షణ పొందిన పాముల రక్షకులకు గానీ ఫోను చెయ్యండి. హైదరాబాదులోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఏళ్లుగా ఈ పని చేస్తోంది. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది. నీరుకట్టె, జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజరి అన్నీ దాని రక్షణలో ఉన్నాయి, చంపడం నేరం. పట్టిన పామును ఎక్కడో దూరపు అడవిలో వదిలితే మేలు చేసినట్టని అనుకుంటాం. కానీ కర్ణాటకలోని ఆగుంబేలో రాచనాగులకు రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి గమనించినప్పుడు, దూరంగా వదిలిన పాము తెలియని చోట దిక్కుతోచక తిరిగింది. పాముకు తన ఇలాకా తెలుసు, ఎక్కడ దాక్కోవాలో, ఎక్కడ తిండి దొరుకుతుందో తెలుసు. అది తెలియని చోట మనుషుల ఇళ్లలోకి దూరే అవకాశమే ఎక్కువ. అందుకే పామును దొరికిన చోటికి దగ్గరలోనే, ఇళ్లు లేని చోట వదలాలి. మీ పెరటి పామును కోట్‌పల్లి ప్రాజెక్టు దాకా తీసుకెళ్లి వదలమని పట్టేవాళ్లను బలవంతపెట్టకండి.

ఇంత చేసినా కాటు పడవచ్చు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే సగటున ఏటా 58,000 మంది. చనిపోయినవాళ్లలో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్ల లోపు పిల్లలు. మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్య, ఎక్కువగా పల్లెల్లో, ఇళ్ల దగ్గర జరిగాయి. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది, అందులో తెలంగాణ భాగం. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించే జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక ఢిల్లీలో రాసినా మరణం ఆగాల్సింది మన పెరట్లోనే.

పాముకాట్లలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది కట్లపాము కాటు. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. కాటు దగ్గర వాపు ఉండదు, నొప్పి దాదాపు తెలియదు. మనిషి తెల్లారుజామున కడుపునొప్పితో లేస్తాడు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి ఆడదు. దాని విషం నరం కొస నుంచి కండరానికి సందేశం చేరకుండా ఆపేస్తుంది. కొలను ఉన్న ఇంట్లో వానాకాలం రాత్రుళ్లు నేల మీద పడుకోకండి. మంచం మీద పడుకుని, దోమతెర అంచులను పరుపు కింద దోపుకుంటే ఈ కాటు చాలావరకు రాదు. దోమల నుంచి కూడా రక్ష.

రక్తపింజరి, చిన్నపింజరి విషం రక్తం మీద పనిచేస్తుంది, గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. రక్తపింజరి కాటు మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఏ చిన్న ఆసుపత్రిలోనైనా చెయ్యగల పరీక్ష ఒకటుంది. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసుకుని 20 నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు వంచి చూస్తారు. గడ్డకట్టకుండా కారిపోతే విషం ఎక్కినట్టు. యాంటీవీనం ఎక్కించాలి. ఈ మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగాన్ని తమిళనాడు ఇరుల గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం అందిస్తోంది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది. మనకు దొరికే మందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి పనిచేసేది. కాబట్టి కరిచిన పామును చంపి ఆసుపత్రికి తీసుకెళ్లనక్కర్లేదు. దాని వెంటపడి రెండో కాటు తినేవాళ్లున్నారు. దూరం నుంచి ఒక ఫొటో తీయగలిగితే చాలు.

మంత్రాల దగ్గరికి, ఆకుపసరు దగ్గరికి వెళ్లి బతికినవాళ్లు మీకు తప్పక తెలిసి ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కరిచింది నీరుకట్టె అయినా, గోడలెక్కే విషం లేని చిన్న పాము అయినా మందు లేకుండానే బతుకుతారు. విషపాము కూడా కొన్నిసార్లు విషం వదలకుండా కరుస్తుంది. అలా బతికినవాళ్లందరి పేరూ మంత్రం ఖాతాలో పడుతుంది. చనిపోయినవాళ్లది మాత్రం ఆయుష్షు తీరిందంటారు. నిజంగా విషం ఎక్కిన మనిషికి అక్కడ పోయే గంటే ప్రాణం.

కాటు పడితే మనిషిని కూర్చోబెట్టండి, లేకపోతే పడుకోబెట్టండి, నడవనివ్వకండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసెయ్యండి. కాటు పడిన చేతినో కాలినో విరిగిన ఎముకకు కట్టినట్టు బద్దతో కదలకుండా ఉంచండి. తాడుతో బిగించకండి, కొయ్యకండి, నోటితో పీల్చకండి. కరిచింది నీరుకట్టె అని మీకు ఎంత నమ్మకమున్నా ఆ నమ్మకం మీద ఇంట్లో కూర్చోకండి. సబ్బుతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ కోసమైనా వెళ్లి డాక్టరుకు చూపించండి. ఏ పామో తెలియకపోతే ఒక రోజు ఆసుపత్రిలోనే ఉండాలి. తాండూరైనా, వికారాబాదైనా, మధ్యలో ఏ పల్లెయినా, 108కు ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో యాంటీవీనం ఉందా, రాత్రిపూట డాక్టరు ఉంటారా అన్నది జూన్ రాకముందే వెళ్లి అడిగి తెలుసుకోండి. లేకపోతే పెట్టించమని గ్రామసభలో అడగండి.